పిల్లలు బరువులు ఎత్తితే ఎత్తు పెరగరా?

పదేళ్ల బాబు అన్నను చూసి డంబెల్స్ ఎత్తుతానంటున్నాడు, ఎత్తు ఆగిపోతుందేమోనని మీ టెన్షన్. ఆ భయం అక్కర్లేదండీ. పద్ధతిగా చేస్తే ఎదుగుదల ఆగదు. మన శ్రీకాకుళం కరణం మల్లీశ్వరి 12 ఏళ్లకే శిక్షణ మొదలుపెట్టి, 2000లో ఒలింపిక్ పతకం తెచ్చారు.

వయసు కంటే ముఖ్యం, చెప్పింది చెప్పినట్టు చేయగలడా, ఒళ్లు అదుపులో ఉంచుకోగలడా అన్నది. చాలామందికి ఇది ఏడెనిమిదేళ్లకు వస్తుంది.

మొదట బరువే వద్దు. గోడకు పుషప్‌లు, చేతిలో ఉత్త కర్రతో స్క్వాట్‌లు చేయించండి. కూర్చునేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా, మడమలు లేస్తున్నాయా, నడుము గూని పడుతోందా గమనించండి. ఇవి సరయ్యాకే కిలో డంబెల్ ఇవ్వాలి. 10–15 సార్లు తడబడకుండా ఎత్తగలిగిందే వాడికి తగిన బరువు. అది తేలికైపోయాక 5–10 శాతం పెంచొచ్చు. వారానికి రెండు మూడు రోజులు చాలు, వరుసగా వద్దు.

ఈ వయసులో కండలు ఉబ్బవు. నరాలు కండరాలను బాగా పనిచేయించడం నేర్చుకుంటాయి, బలం అలా వస్తుంది. ఈ మాట వాడికి ముందే చెప్పండి, లేకపోతే పాపం అద్దంలో చూసుకుని నిరాశపడిపోతాడు.

అసలు ప్రమాదం పెద్దలు లేనప్పుడే. అన్నతో పంతం పట్టి ఎంత ఎత్తగలనో చూద్దామనుకుంటే ఎముకల చివరి లేత ఎదుగుదల పొరలకు దెబ్బ తగలొచ్చు. ఆ పోటీలు ఎదుగుదల పూర్తయ్యేదాకా వద్దు. గుండె జబ్బు, బీపీ, మూర్ఛ ఉంటే ముందు డాక్టర్‌ను అడగండి.