వరంగల్ నుంచి ముంబై వెళ్తున్నాం, పాత ఒపేరా హౌస్, బ్రిటిష్ కాలం కట్టడాలు ఎలా చూడాలి?

అమ్మానాన్నలతో రెండు రోజులే ఉంటామన్నారు కదా, మేం హన్మకొండ నుంచి అమ్మను తీసుకుని వెళ్లొచ్చిన అనుభవంతో చెప్తున్నా.

రాయల్ ఒపేరా హౌస్ మ్యూజియం కాదు, కచేరీలు, నాటకాలు జరిగే థియేటర్. అది తెలియక పొద్దున పదింటికే వెళ్లి, మూసిన గేటు చూసి తిరిగొచ్చాం. తప్పు నాదే. మీరు వెళ్లే రోజుల్లో ఏ షో ఉందో ముందే చూసుకుని టికెట్ కొనండి, ఏ భాషదైనా సరే. మాకు సాయంత్రం హిందుస్తానీ కచేరీ దొరికింది. లోపల ఎర్ర తివాచీ, బంగారు రంగు నగిషీలు చూసి అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "చెప్పులు ఇడ్వాల్నా బిడ్డా?" అని మెల్లగా అడిగింది. కచేరీ ఎంత విందో గానీ, తల పైకెత్తి ఎనిమిది భాగాలుగా రంగులద్దిన ఆ గుమ్మటాన్నే చూస్తూ కూర్చుంది. బాల్కనీలో అయితే అది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం కిందే తీసుకోండి.

1911లో బ్రిటిష్ రాజు ఐదో జార్జి వచ్చి ప్రారంభించేనాటికి దాని పని ఇంకా పూర్తే కాలేదు. మరాఠీ రంగస్థల నటుడు బాల గంధర్వ, హిందీ నటుడు పృథ్వీరాజ్ కపూర్ లాంటివాళ్లు ఆడిన స్టేజీ అది. తర్వాత సినిమా హాలైంది, 1993లో మూతపడింది, మరమ్మతులయ్యాక 2016లో మళ్లీ తెరిచారు. చర్నీ రోడ్ లోకల్ స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్లొచ్చు.

సికింద్రాబాద్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది సీఎస్‌ఎంటీలోనే (ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్, బ్రిటిష్ కాలం నాటి స్టేషన్), అంటే అదీ చూసినట్టే. టాక్సీ అంటూ హడావుడిగా బయటపడకండి. రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూడండి. గేటు స్తంభాల మీద ఒకవైపు బ్రిటన్‌కు గుర్తుగా సింహం, ఇంకోవైపు మన దేశానికి గుర్తుగా పులి ఉంటాయి. గేట్‌వే ఆఫ్ ఇండియా ఎలాగూ చూస్తారు, దాని గురించి చెప్పేదేం లేదు. జనం, ఫొటోలు.

నన్నడిగితే దానికన్నా ముంబై యూనివర్సిటీ ఆవరణలోని గడియారపు గోపురం, రాజాబాయి టవర్ బాగుంటుంది. 1878లో పూర్తయింది. పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ డబ్బిచ్చి వాళ్లమ్మ పేరు పెట్టించాడు. అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే, బొంబాయి వ్యాపారులకు కాసుల వర్షం కురిసింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి ధర ఎక్కడెక్కడి సంగతులకో ఎగిరి పడటం చూసిన మనకు ఇదేం వింత కాదు. ఎదురుగా ఓవల్ మైదానంలో కూర్చుని చూడండి, మెడ నొప్పి లేకుండా పైదాకా కనిపిస్తుంది.

ఒపేరా హౌస్‌కు దగ్గర్లోనే కామాఠీపురా. రెడ్‌లైట్ ఏరియాగా పేరుపడింది కాబట్టి ఆ పేరు వినగానే మనవాళ్లు మాట మారుస్తారు గానీ, అది నిజాం రాజ్యం నుంచి ఇళ్లు, రోడ్లు కట్టే పనికి పోయిన తెలుగు కూలీల పేరు. వాళ్లనే కామాఠీలు అనేవారు. టాక్సీలో అటు నుంచి వస్తూ చెప్తే అమ్మ, "మా ముత్తాత తమ్ముడు గూడ బొంబాయి పోయి మల్ల రాలె" అంది. అప్పటిదాకా ఆ ముచ్చట మాకెవరికీ తెలియదు.

కోట ప్రాంతం, అదే ఫోర్ట్, ఆదివారం ఖాళీగా ఉంటుంది, పెద్దవాళ్లతో నడవడానికి హాయి. కాకపోతే ఆ రోజు లోకల్ లైన్లలో మెగా బ్లాక్ (మరమ్మతుల కోసం కొన్ని గంటలు రైళ్లు ఆపడం) పెడుతుంటారు, బయల్దేరే ముందు చూసుకోండి.