‘అయితే’ కింద గీత గియ్యి

అల్లుడూ,

అమలాపురం నుంచి మావయ్య. మొన్న ఫోన్లో నువ్వన్న మాట రెండ్రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోంది. "పోకర్ పుస్తకాలు మూడు చదివాను మావయ్యా, తీరా ఆటకి కూచుంటే ఒక్కటీ గుర్తు రావట్లేదు. మళ్ళీ మొదటినుంచి చదవనా?" అన్నావు. చదువు గానీ, మొదటినుంచి మాత్రం వద్దు.

ముందు డబ్బు సంగతి. 2020లో మన రాష్ట్రం చట్టం సవరించి ఆన్‌లైన్ పందెం ఆటలు ఆపింది, 2025లో కేంద్రం కూడా దేశం మొత్తానికి చట్టం తెచ్చింది. చట్టం లేకపోయినా నేను ఇదే చెబుదును. పేకలో చేలు పోగొట్టుకున్నవాళ్ళని మన కోనసీమలో నేను తక్కువమందిని చూడలేదు. మా అరుగు మీద పందెం చింతపిక్కలే, మనిషికి రెండొందల పిక్కలు. ఓడినవాడు టీ చెప్పాలి, అంతే.

ఇప్పుడు నా పరువు పోయిన కథ. ఒకరాత్రి నా చేతిలో ఇస్పేటు రాజు, ఇస్పేటు తొమ్మిది. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బల్ల మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, మరో రెండు ఇస్పేట్లు పడ్డాయి. ఇంకా రెండు ముక్కలు తెరవాలి. ఇంకొక్క ఇస్పేటు వస్తే ఫ్లష్, ఒకే జాతి ముక్కలు ఐదు. కనపడని ఇస్పేట్లు తొమ్మిది. పుస్తకం చెప్పిన కిటుకు ఠక్కున గుర్తొచ్చింది: తొమ్మిదిని నాలుగుతో గుణించు, 36 శాతం. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 60 పిక్కలున్నాయి, ఎదురుగా ఉన్నాయన 60 వేశాడు. నేను 60 పెడితే మొత్తం 180, అంటే 33 శాతం ఛాన్సుంటే చాలు. ధీమాగా కాల్ చేశాను, అంటే ఆయన వేసినంతా నేనూ వేశాను. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, డైమన్ పడింది. ఆయన ఈసారి వంద వేశాడు. ఇక మిగిలింది ఒక్క ముక్క, ఛాన్సు ఐదింట ఒకటి కూడా లేదు. పేక కింద పెట్టేశాను. వారం తర్వాత మళ్ళీ అచ్చం ఇదే తప్పు చేశాను.

అప్పుడు ఆ పేజీ తీశాను. నాలుగుతో గుణించేది రెండు ముక్కలూ ఇంకేం పెట్టకుండా చూడగలిగితేనే అని అక్కడే ఉంది. మధ్యలో మళ్ళీ పందెం కట్టాల్సి వస్తే అది ఒక్క ముక్క లెక్కే, రెండుతో గుణించాలి. తమాషా ఏంటంటే ఆ వాక్యం పక్కన నా పెన్సిల్ టిక్కు కూడా ఉంది! 36 మిగిలింది, షరతు జారిపోయింది.

మొదటిసారి చదివినప్పుడు సూత్రం ఒంటబడుతుంది, దాని వెనకున్న ‘అయితే’, ‘ఉంటే’, ‘తప్ప’ ఊడిపోతాయి. రెండోసారి చదివేది వాటి కోసమే. కనపడిన చోటల్లా గీత గియ్యి. నీ దగ్గరున్న డాన్ హారింగ్టన్ పుస్తకమే చూడు. ఆయన 1995 పోకర్ ప్రపంచ ఛాంపియన్, ఆ పుస్తకం రాసింది టోర్నమెంట్ల కోసం. పిక్కలైపోతే ఇంటికెళ్ళే ఆటకి చెప్పిన మాటని, అయిపోతే డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తీసుకునే మన ఆటకి తగిలిస్తే ఎలా కుదురుతుంది?

ఇంకో సంగతి. రెండోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, అక్కడే మోసపోతాం. రావులపాలెం బస్టాండులో తెలిసిన మొహం కనపడుతుంది, నవ్వుతాం, పేరు మాత్రం రాదు చూడు, అలాంటిదే ఇదీ. అందుకని పుస్తకం ముందు తెరవకు. ఆటలో నిన్ను దెబ్బకొట్టిన ఒక్క హ్యాండ్‌ని, అంటే ఒక్క పంపకం ఆటని, ఆ రాత్రే నోట్‌బుక్కులో రాసుకో. మర్నాడు పొద్దున్నే, దాని గురించి పుస్తకం ఏం చెప్పిందో చూడకుండా తెలుగులో రాయి. ఇంగ్లీషులో వాక్యం నున్నగా ఉంటే మనకి అర్థమైపోయిందనిపిస్తుంది. తెలుగులో పెడితే ఎక్కడ ఆగిపోతున్నామో తెలుస్తుంది. ఆ తర్వాతే ఆ ఒక్క పేజీ తియ్యి. నాలుగు రోజులాగి ఒకసారి, రెండు వారాలకి ఇంకోసారి ఇలాగే చెయ్యి. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ ఆయన అర్థంలేని అక్షరాలు బట్టీపట్టి తన మీదే లెక్క తీశాడు. మరుపులో పెద్ద వాటా మొదటి రోజే జరుగుతుందని తేలింది. మర్నాడే రాయమంటున్నది అందుకే.

మీ అత్త ఒక్క పుస్తకమూ తెరవలేదు, నెలకి రెండుసార్లు నా పిక్కలన్నీ ఊడ్చేస్తుంది. ఎలాగంటే, "మీరు అబద్ధం ఆడేటప్పుడు కళ్ళజోడు సర్దుకుంటారు" అంది. ఏ పేజీలో వెతకను?

ఏప్రిల్‌లో రా. చింతపండు కొట్టడం అయిపోయి కొత్త పిక్కలు ఉంటాయి. పుస్తకాలు అక్కడే వదిలెయ్, నోట్‌బుక్కు తెచ్చుకో. నీ గీతలు, నా గీతలు పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ మావయ్య