వెనుక బెంచీలో తోటి టీచరు కూర్చుంటే

మీ ప్రశ్న చదివాను. డీఎస్సీలో ఎంపికై బడిలో చేరి ఏడాది కాలేదు, ఇకపై నెలకొకసారి ఉపాధ్యాయులు ఒకరి తరగతిని ఒకరు పరిశీలించుకోవాలని మీ ప్రధానోపాధ్యాయులు అన్నారు, సీనియర్లు వెనుక కూర్చుంటే నోట మాట రాదేమోనని భయంగా ఉంది, దీనివల్ల నిజంగా ఉపయోగం ఉందా లేక ఇది కూడా రాసి దాచే మరో రికార్డేనా అని అడిగారు. నేను నెల్లూరు జిల్లాలో, మైపాడు తీరానికి కాస్త ఇవతల ఉన్న జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. అంతకుముందు ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పనిచేశాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఎన్నో శిక్షణలకు వెళ్లాను కానీ, నా బోధనను నిజంగా మార్చింది ఒక తెలుగు మేడమ్ రాసిచ్చిన అరఠావు కాగితం. కనుక ఉపయోగం ఉందనే చెబుతాను. అయితే ఇదే పరిశీలన ఒక మంచి ఉపాధ్యాయురాలు ముడుచుకుపోయేలా చేయడం కూడా చూశాను. ఆ పాపంలో నాకూ భాగం ఉంది, అందుకే ముందు అది చెబుతాను.

అది నా పాత బడి. ముగ్గురం కలిసి ఒకరి తరగతికి వెళ్లేవాళ్లం. చేతిలో ఒక ఫారం: పాఠ్య పథకం, నల్లబల్ల పని, స్వరం, బోధనోపకరణాలు, క్రమశిక్షణ, ఒక్కోదానికి పది మార్కులు. కొత్తగా చేరిన సాంఘిక శాస్త్రం మేడమ్ పాఠం చూసి, ‘గొంతు చివరి బెంచీల దాకా వినిపించడం లేదు’ అని రాసి స్వరానికి నాలుగు మార్కులు వేశాను. ఆ ఫారం సాయంత్రం దాకా స్టాఫ్ రూమ్ బల్ల మీదే పడి ఉంది. వచ్చినవాళ్లందరూ చూశారు. ఆమె ఒక్క మాట అనలేదు. తర్వాతి నెల వెళితే పాఠం ఎక్కడా తడబాటు లేకుండా సాగింది. అడిగిన ప్రతి ప్రశ్నకూ చేతులు లేచాయి, ప్రతి జవాబూ సరైనదే. బయటికి వచ్చాక ఒక ఏడో తరగతి పిల్లవాడు నా దగ్గరికి వచ్చి, ‘నిన్న కూడా ఇదే పాఠం మేడమ్, ఎవరు ఏ జవాబు చెప్పాలో కూడా నిన్ననే చెప్పారు’ అన్నాడు.

ఆమెను నేను తప్పుపట్టను. మార్కులు వేసే మనుషుల ముందు ఎవరైనా అలాగే చేస్తారు. తన గొంతు సన్నమని ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు, నేను రాసిన దాంట్లో ఆమెకు కొత్త సంగతి ఒక్కటీ లేదు. నలభై నిమిషాలూ నేను చూసింది ఆమె ముఖాన్నే. పిల్లల నోటుపుస్తకాల వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు. అది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక ఆ కాగితం సంగతి. తెలుగు మేడమ్, నేను ఒకే బస్సులో వస్తాం. ఒక రోజు దారిలో నేనే అడిగాను: ‘ఎనిమిదో తరగతికి అనుపాతం చెబుతున్నాను. తరగతిలో అందరూ అర్థమైందంటారు, పరీక్షలో సగం మంది పేపరు ఖాళీగా ఇస్తారు. మీరొచ్చి కూర్చుని, ఎక్కడ దారి తప్పుతున్నారో చూసి పెట్టండి.’ ‘నాకు లెక్కలు రావు కదండీ’ అన్నారామె. రాకపోవడమే మేలైంది. లెక్క తెలిసిన మనిషి నేను చేసిన సోపానాలు సరిచూస్తూ కూర్చునేవారు, ఆమెకు పిల్లలను చూడటం తప్ప వేరే పని లేకపోయింది.

ఆ రోజు నా ఉదాహరణ పుట్టి. మా జిల్లాలో ధాన్యం బేరమంతా పుట్లలోనే కదా, పుట్టి అంటే 850 కిలోలు. పుట్టి ధర చెప్పి మూడున్నర పుట్లకు ఎంత వస్తుందన్నాను, తర్వాత 340 కిలోలు పుట్టిలో ఎన్నో వంతు అన్నాను. ఊరి పిల్లలకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఉండదని నా నమ్మకం. పాఠం బాగా వచ్చిందనుకుంటూ తరగతి నుంచి బయటికి వచ్చాను.

బస్సులో ఆమె ఇచ్చిన కాగితంలో ‘బాగుంది’ అని కానీ ‘బాగాలేదు’ అని కానీ ఎక్కడా లేదు. నేను ‘అర్థమైందా?’ అన్నది 14 సార్లు. ప్రతిసారీ తరగతి మొత్తం ఒకే గొంతుతో ‘అర్థమైంది మేడమ్’ అంది. పేరు పెట్టి అడిగింది 38 మందిలో ఏడుగురిని, వారిలో ఐదుగురు మధ్య వరుసలో మొదటి రెండు బెంచీల వాళ్లు. ప్రశ్న అడిగాక, ఆమె మనసులో ‘ఒకటి’ అని లెక్కపెట్టేలోపే చాలాసార్లు జవాబు నేనే చెప్పేశాను. చివర ఒక వాక్యం: ‘కిటికీ పక్కన మూడో బెంచీ అమ్మాయి 850 అని చక్కగా రాసుకుంది. 340 లెక్క వచ్చినప్పుడు పెన్ను కింద పెట్టేసింది. అందరూ అర్థమైంది అన్నప్పుడు ఆ అమ్మాయి కూడా అంది.’

మరునాడు ఆ అమ్మాయిని పక్కకు పిలిచి పుట్టి అంటే ఏమిటమ్మా అని అడిగాను. ‘మా ఇంట్లో బుట్టలే మేడమ్’ అంది. నాన్న సముద్రం మీదికి వేటకు వెళతాడు, చేపలు బుట్టల్లో దిగుతాయి. పుట్టి అనే మాట విన్నది కానీ అది తూకమో కొలతో ఆ పిల్లకు తెలియదు. మత్స్యకారుల పాలెం నుంచి వచ్చే మరో నలుగురిదీ అదే పరిస్థితి. వరి పొలాలున్న ఇళ్ల పిల్లలకు దగ్గరైన నా ఉదాహరణ వీళ్లను దూరం చేస్తోందని నాకు ఇన్నేళ్లలో తోచలేదు.

ప్రశ్న తర్వాత ఆగడం గురించి బీఈడీలో చదివే ఉంటాం, చదివి మరిచిపోతాం. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల టేపులు విని లెక్కగట్టారు. ఉపాధ్యాయులు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. అదే 3 సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారు. ఆ కాగితం చూశాక మూడు సెకన్లు ఆగడం మొదలుపెట్టాను. మొదటి వారం ఆ నిశ్శబ్దం భరించలేకపోయాను, చేతిలో చాక్‌పీసు నలిపేసేదాన్ని. ఇప్పుడు అలవాటైంది.

‘అర్థమైందా?’కు బదులు పలకలు తెచ్చాను. మార్కాపురం రాతి పలకలే. ఎనిమిదో తరగతి పిల్లలు మొదట సిగ్గుపడ్డారు, చిన్నపిల్లల వస్తువని. లెక్క ఇవ్వడం, అందరూ పలక మీద రాయడం, ‘చూపించండి’ అనగానే ఒక్కసారిగా ఎత్తడం. ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో అక్కడికక్కడే నా కళ్ల ముందు ఉంటుంది. దీంతో అద్భుతాలు జరిగాయని చెప్పను. ఆ అమ్మాయికి భిన్నాలు ఇప్పటికీ కష్టమే. కానీ ఆ సంగతి నాకు పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కాక ఆ రోజే తెలుస్తోంది, సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోగలుగుతున్నాను. ఇప్పుడు అనుపాతానికి పుట్టీ చెబుతాను, బుట్టా చెబుతాను.

ఇంతకీ మీ విషయం. మీ తరగతిలో ఏం చూడాలో మీరే నిర్ణయించండి, వచ్చేవారికి ముందురోజే చెప్పండి. ‘వచ్చి నా పాఠం చూడండి’ అంటే ఎవరైనా మీ చీర రంగు నుంచి చేతిరాత దాకా అన్నీ చూస్తారు, చివరికి ‘బాగుంది, ఇంకొంచెం గట్టిగా మాట్లాడండి’ అంటారు. ‘అమ్మాయిలను ఎన్నిసార్లు అడుగుతున్నానో లెక్కపెట్టండి’, ‘గుంపు పని ఇచ్చాక మూడో గుంపు దగ్గర కూర్చుని వాళ్లు నిజంగా ఏం మాట్లాడుకుంటున్నారో రాయండి’ అంటే మీకు పనికొచ్చేది దొరుకుతుంది. రెండో సంగతి, రాసిన కాగితం పాఠం చెప్పినవారి చేతికే రావాలి. ఫైల్లోకి వెళ్లకూడదు, బల్ల మీద పడి ఉండకూడదు. దీని మీద మాత్రం గట్టిగా నిలబడండి. మీ ప్రధానోపాధ్యాయులకు రికార్డు కావాలంటే తేదీ, తరగతి, ఎవరు ఎవరి పాఠం చూశారన్నది రిజిస్టరులో రాస్తే సరిపోతుందని అడగండి. మా బడిలో అలాగే ఒప్పుకున్నారు.

తరగతి బోధనను పరిశీలించడానికి ప్రపంచ బ్యాంకు తయారుచేసిన టీచ్ టూల్ మీద మన రాష్ట్రంలో చాలామంది ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. మీ సీనియర్లు దాన్ని దృష్టిలో పెట్టుకునే మాట్లాడుతూ ఉండవచ్చు. పదిహేను నిమిషాల చొప్పున రెండు విడతలు చూసి స్కోరు వేసే ఆ పద్ధతి రాష్ట్రం మొత్తం బోధన ఎలా ఉందో తెలుసుకోవడానికి పనికొస్తుంది. పక్క గదిలో పాఠం చెప్పే ఇద్దరు స్నేహితుల మధ్య స్కోరు అక్కర్లేదని నా అభిప్రాయం.

జపాన్‌లో నూరేళ్లకు పైగా నడుస్తున్న ‘జుగ్యో కెన్‌క్యూ’ అనే పద్ధతి నాకు చాలా ఇష్టం. నలుగురైదుగురు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక్క పాఠాన్ని కొన్ని వారాలపాటు తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లల పక్కన నిలబడి చూస్తారు. పాఠం దెబ్బతింటే అది అందరి పాఠమే కనుక చెప్పినవారు ఒక్కరే తలదించుకోవలసిన అవసరం ఉండదు. మన స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశాల్లోని నమూనా పాఠానికీ దీనికీ తేడా అక్కడే ఉంది. స్కూల్ కాంప్లెక్సులు కావాలని దేశ విద్యా వ్యవస్థను సమీక్షించిన కొఠారీ కమిషన్ 1966లోనే రాసింది. ఆ సమావేశాల్లో నమూనా పాఠం ఒకరి నెత్తిన పడుతుంది, మిగిలినవాళ్లం భోజనం వేళ దాకా వింటాం. వచ్చే సమావేశానికి మీ సబ్జెక్టు వాళ్లు ముగ్గురు ముందే కూర్చుని ఒక పాఠం తయారుచేసి చూడండి.

సమయం ఎక్కడిది అంటారు. నిజమే, ఉన్న లీజరు పీరియడ్లు సెలవు పెట్టినవాళ్ల తరగతులకే పోతాయి. మేము పూర్తి పీరియడు పెట్టుకోవడం మానేశాం. నెలకొకసారి ఇరవై నిమిషాలు చాలు. జాతీయ విద్యా విధానం 2020 ఉపాధ్యాయుల వృత్తిపరమైన అభివృద్ధికి ఏడాదికి 50 గంటలు కావాలంటుంది. అందులో ఇవి నాలుగు గంటలు కూడా కావు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఉన్న మా చెల్లెలు ఫోను బల్ల మీద పెట్టి తన పాఠం శబ్దం మాత్రమే రికార్డు చేసుకుని ఇంటికెళ్లి వింటుంది. పిల్లల ముఖాలు రికార్డు కావు, ఎవరికీ ఇబ్బంది ఉండదు. తన గొంతే పీరియడంతా వినిపించిందని మొదటిసారి ఏడ్చినంత పని చేసింది. ఇప్పుడు వారం వారం వింటోంది.

సీనియర్ల భయం గురించి మరొక్క మాట. మొదటిసారి వాళ్లను పిలవకండి, మీరే వాళ్ల తరగతికి వెళ్లి కూర్చుంటానని అడగండి. నేను తెలుగు మేడమ్ పద్యం పాఠం చూడటానికి వెళ్లినప్పుడు, పద్యం చదివాక ఆమె పుస్తకం మూసి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డారు. పిల్లలే ఒకరి తర్వాత ఒకరు ఆ పాదాలను నోట్లో తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఒక పిల్లవాడిని మూడు వారాలుగా అడగలేదని నా కాగితం చూశాకే గుర్తించారు. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ఆ కాగితం చేతికి వచ్చేటప్పుడు కంగారు పడతారు.

మీ తరగతికి ఎవరైనా వచ్చే రోజు పిల్లలతో ముందే చెప్పండి: ‘సార్ మిమ్మల్ని చూడటానికి రావడం లేదు, నేను ఎలా చెబుతున్నానో చూసి నాకు సాయం చేయడానికి వస్తున్నారు.’ కుర్చీని వెనుక గోడ దగ్గర వేయకండి, అక్కడి నుంచి పిల్లల వీపులే కనిపిస్తాయి. పక్కగా, మూడో బెంచీకి సమానంగా వేయండి. అక్కడ కూర్చుంటే నోటుపుస్తకాల్లో ఏం రాస్తున్నారో కనిపిస్తుంది.