అరవై రోజుల లెక్క ఎక్కడ మొదలవుతుంది?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. పక్షవాతంతో మావారి కుడిచెయ్యి పడిపోయింది. సోషల్ సెక్యూరిటీ డిజబిలిటీకి (పని చేయలేనివాళ్లకు అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం) పెట్టుకుంటే కాదన్నారు. జడ్జి ముందు హియరింగ్‌లోనూ అదే జవాబు. కేసును మళ్లీ పరిశీలించేది లేదని అప్పీల్స్ కౌన్సిల్ (ఆ శాఖలోనే చివరి అప్పీలు చూసే విభాగం) 2025 మార్చి 3 తేదీతో ఉత్తరం పంపింది. అప్పటికి మామగారు పోయి మేం విజయవాడలో ఉన్నాం. ఏప్రిల్ 20న తిరిగొచ్చి కవరు చింపాం. కోర్టుకు వెళ్లడానికి 60 రోజులని ఉంది. అంటే జూన్ మూడోవారం దాకా టైముందా?

జవాబు: లేదమ్మా. మీ ఆఖరు రోజు మే 7. ఈ సంచిక వచ్చేసరికి ఆ తేదీ దాటిపోతుందని, మీ ఉత్తరం చూసిన రోజే మీకు విడిగా రాసి పంపాను. ఇంకొకరు ఇలా నష్టపోకూడదని ఇక్కడా రాస్తున్నాను.

ఉత్తరం మీది తేదీకి 5 రోజుల తర్వాత అది మీకు అందినట్టే లెక్క. అంటే మార్చి 8. అక్కణ్ణుంచి 60 రోజులకు మే 7. 'రెండు నెలలే కదా' అని మే 8 రాసుకునేవాళ్లున్నారు. మార్చికి 31 రోజులు, ఆ ఒక్క రోజే కొంప ముంచుతుంది. ఆఖరు రోజు శని, ఆదివారాల్లో పడితే తర్వాతి పనిదినం దాకా ఆగుతారు. మే 7 బుధవారం, ఆ వెసులుబాటూ లేదు. ఉత్తరమే ఆలస్యంగా చేరితే రుజువు చూపించుకోవచ్చు. మీ కవరు టైముకే పెట్టెలో పడింది, ఇంట్లో మీరు లేరంతే.

ప్రాక్టీసు కొత్తలో ఒక పెద్దాయన పోస్టాఫీసు రసీదు పట్టుకుని నా దగ్గరికొచ్చారు. చివరి రోజునే పోస్టు చేశారు. కాగితాలు కోర్టు క్లర్క్ ఆఫీసుకు చేరింది మాత్రం రెండు రోజుల తర్వాత. చేరిన రోజే లెక్క, కేసు కొట్టేశారు. నడుం నొప్పితో కుర్చీలో కూర్చోలేక గోడకానుకుని నిలబడి, ఆయన ఆ రసీదును మడత మీద మడత పెడుతూనే ఉన్నారు. అందుకే చెబుతున్నా, పోస్టును నమ్ముకోకండి, డాలస్‌లోని ఫెడరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో స్వయంగా ఇచ్చి రండి.

గడువు పెంచమని అప్పీల్స్ కౌన్సిల్‌ను రాతపూర్వకంగా అడగొచ్చు. ఇంట్లో చావు సరైన కారణమే. కానీ అడిగినంతమాత్రాన గడువు ఆగదు. కొత్త అప్లికేషన్ పెట్టినా అంతే. 1986లో సుప్రీంకోర్టు న్యూయార్క్ నగరం కేసులో ఈ గడువును కోర్టులు సడలించవచ్చంది గానీ, అది చాలా అరుదు.

ఫీజు 405 డాలర్లు. కట్టలేకపోతే ఆదాయ వివరాలతో మాఫీ కోరండి, ఫీజు కోసం కేసు ఆపకండి. 2022 డిసెంబర్ నుంచి సమన్లు పంపే పని కూడా లేదు, ప్రభుత్వానికి కోర్టే తెలియజేస్తుంది. లాయర్ లేకపోతే సంతకం మీవారిదే ఉండాలి, మీరు పెడితే చెల్లదు. ఎడమచేత్తో వంకరగా పెట్టినా ఫర్వాలేదు.