ఎస్టోనియా పల్లెటూళ్లో అమ్మానాన్నలతో ఒక వారం ఉండాలంటే ఎక్కడ దిగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నారు, గుంటూరు నుంచి అమ్మానాన్న షెంగెన్ వీసా మీద వస్తున్నారు, నాన్నగారు రైతు, సిటీలు చూసి విసిగిపోయారు, అందుకని వారం పాటు ఎస్టోనియా పల్లెల్లో గడపాలనుకుంటున్నారు. ప్లాన్‌లో రాజధాని టాలిన్, లాహెమా నేషనల్ పార్క్, సారెమా దీవి, టార్టు నగరం అన్నీ పెట్టుకున్నారు. వెజ్ తిండి దొరుకుతుందా, కారు తప్పనిసరా అని కూడా అడిగారు.

నేను టార్టులో కొన్నేళ్లు ఉద్యోగం చేశాను, మా అమ్మానాన్నని కూడా అక్కడ తిప్పాను, ఆ అనుభవంతోనే చెప్తున్నా. ఆ ప్లాన్ వద్దండి. దేశం చిన్నదే కదా అన్నీ అయిపోతాయిలే అనిపిస్తుంది మ్యాప్ చూస్తే, కానీ సారెమాకి వెళ్లాలంటే టాలిన్ నుంచి విర్త్సు దాకా డ్రైవింగ్, అక్కడ ఫెర్రీ ఎక్కితే అరగంట, దిగాక ముహు దీవి మొత్తం దాటుకుని మళ్లీ డ్రైవింగ్, పెద్దవాళ్లతో అయితే పూట మొత్తం దానికే పోతుంది, మళ్లీ అదే దారిన వెనక్కి రావాలి. దీవి బాగోదని కాదు, దానికి విడిగా ఇంకో ట్రిప్ వేసుకోండి. ఈసారికి ఆగ్నేయం మూలకి వెళ్లండి, అంటే వోరు, సేతోమా వైపు, అక్కడ ఒకే ఒక్క ఫామ్ హౌస్ తీసుకుని వారం అంతా అక్కడే ఉండండి. చుట్టుపక్కల చూడాల్సినవన్నీ అక్కడి నుంచే పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. ఎస్టోనియా పల్లె అంటే చెరువు గట్టున చెక్క ఇల్లు, కట్టెల పొయ్యి, ఆ ఇంటివాళ్లు, వాళ్ల సానా, అంటే ఆవిరి స్నానాల గది. రోజుకో ఊరు మారితే ఇవేవీ చేతికందవు.

వోరు ప్రాంతం పొగ సానా గురించి ముందు చెప్పాలి, దీన్ని 2014లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మామూలు సానాకీ దీనికీ తేడా ఏంటంటే దీనికి పొగగొట్టం ఉండదు. మేం దిగిన ఇంట్లో పెద్దాయన పొద్దున్నే కట్టెలు మోసుకొచ్చి రాళ్ల పొయ్యి కింద మంట పెట్టాడు, ఆ చిన్న చెక్క గదంతా పొగతో నిండిపోయి తలుపు సందుల్లోంచి బయటికి వస్తూనే ఉంది, మధ్యాహ్నం దాటేదాకా అలా కాలనిచ్చి, మంట పూర్తిగా ఆరాక తలుపు తీసి పొగంతా బయటికి పోనిచ్చాడు, తర్వాత బల్లలు కడిగి ఇక రండి అన్నాడు. లోపల గోడలు నున్నగా నల్లగా ఉంటాయి, వీపు ఆనిస్తే మసి అంటుకుంటుంది కాబట్టి ముందుకి వంగి కూర్చోవాలి. రాళ్ల మీద చెంబుడు నీళ్లు పోస్తే వచ్చే ఆవిరి చాలా మెత్తగా ఉంటుంది, గొంతు మండదు, లేత బిర్చ్ కొమ్మల కట్టతో ఒంటి మీద కొట్టుకుంటారు, ఆ ఆకుల వాసన గది నిండా పట్టేస్తుంది, ఆ తర్వాత నేరుగా చెరువులోకి దిగడమే. మోకాళ్ల నొప్పులతో ఉన్న మా నాన్న ఆ రాత్రి అలా పడుకుని పొద్దెక్కాక లేచాడు, ఇంట్లో అంతసేపు నిద్రపోగా నేనెప్పుడూ చూడలేదు. బీపీ, గుండె సమస్య ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే వెళ్లండి, వెళ్లినా కింది బల్ల మీదే కూర్చోమనండి. బట్టల్లేకుండా వెళ్లడం వాళ్లకి మామూలు, కానీ మన అమ్మలు ఒప్పుకోరు కదా, టవల్ చుట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు, మేం ఆడవాళ్లు ఒక విడత మగవాళ్లు ఒక విడత వెళ్లాం. సానా వేడి చేసినందుకు చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకుంటారు, కట్టెలకీ రోజంతా చాకిరీకీ అది న్యాయమే. ఒకరోజు ముందే చెప్పాలి.

ఇక చుట్టుపక్కల చూడాల్సినవి. సూర్ మునమాగి కొండ, 318 మీటర్లు, బాల్టిక్ దేశాలన్నిట్లో ఎత్తైనది ఇదే, పైన టవర్ ఉంది, లిఫ్ట్ ఉంది కాబట్టి పెద్దవాళ్లకి ఇబ్బంది లేదు, ఎటు చూసినా అడవే. దగ్గర్లోనే రౌగె ఊరు, వరసగా చెరువులు, అందులో పెద్ద చెరువు 38 మీటర్ల లోతుతో దేశంలోనే లోతైనది. పియూసాలో గాజు కోసం ఇసుక తవ్విన సొరంగాలున్నాయి, 1922 నుంచి చేత్తో తవ్వారు, ఇప్పుడు చలికాలంలో వేల గబ్బిలాలు అందులో నిద్రపోతాయి. తైవాస్కోయా దగ్గర అహ్యా నది ఒడ్డున ఎర్రటి ఇసుకరాయి గోడలు, నడక కొంచెమే, మా అమ్మ అక్కడి నుంచి కదలనంది. బురద నేలల్లో నడవాలనుకుంటే మీనికున్నోకి వెళ్లండి, చెక్క పలకల బాట మీద నడుస్తుంటే అటూ ఇటూ పొట్టి పైన్ చెట్లు, నల్లటి నీటి గుంటలు, పలక మీంచి కాలు మాత్రం కింద పెట్టకండి, నాచు గట్టిగా ఉన్నట్టే కనిపించి లోపలికి దిగిపోతుంది. లాహెమాలో కూడా ఇలాంటి బాట ఉంది, వీరు బాగ్ అంటారు, 1971లో సోవియట్ యూనియన్‌లో పెట్టిన మొట్టమొదటి నేషనల్ పార్క్ అది, టాలిన్‌లో ఒక రోజు మిగిలితే అది చూసుకోండి, లేకపోతే వదిలేయండి.

సేతోమాలో ఓబినిత్సా ఊరికి తప్పకుండా వెళ్లండి. సేతోలు ఆర్థడాక్స్ క్రైస్తవులు, మిగతా ఎస్టోనియన్లకన్నా వీళ్ల భాష, బట్టలు, పండగలు వేరు, పెళ్లైన ఆడవాళ్లు గుండెల మీద ఇంతలావు గోపురంలాంటి వెండి బిళ్ల పెట్టుకుంటారు, మా అమ్మ దాని చుట్టూ తిరిగి తిరిగి చూసింది. వాళ్ల పాట లేలో, 2009లో యునెస్కో జాబితాకెక్కింది, ఒకావిడ చరణం అందుకుంటే చివర్లో మిగతావాళ్లంతా కలిసి దాన్నే తిప్పి పాడతారు, మైకు లేకుండా పచ్చిక మీద నిలబడి పాడుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఆగస్టు మొదటి శనివారం సేతో రాజ్యం పండగ, ఏటా ఒక్కో ఊళ్లో జరుగుతుంది, ఆ ఏడాదికి పాలకుణ్ణి ఎన్నుకుంటారు, పోటీ చేసేవాళ్లు వరసగా నిలబడితే నచ్చినవాళ్ల వెనక జనం వెళ్లి లైన్ కడతారు, ఎవరి లైన్ పొడుగైతే వాళ్లు గెలిచినట్టు. డేట్లు కుదిరితే దీన్ని అస్సలు వదలొద్దు. ఒక జాగ్రత్త, ఆ పక్కనే రష్యా సరిహద్దు. ఆకుపచ్చ ఎరుపు స్తంభాలో సరిహద్దు బోర్డులో కనిపిస్తే ఫొటో కోసం కూడా దాటకండి. సాత్సే వైపు రష్యా భూమి మీదుగా పోయే ఒక రోడ్డు ముక్క ఉండేది, దాన్ని 2025 అక్టోబర్‌లో మూసేశారు, మ్యాప్ పాతదైతే అటే తీసుకెళ్లబోతుంది.

నాన్నగారు రైతు అన్నారు కాబట్టి ఒక రోజు మొత్తం పెయ్‌ప్సి సరస్సు ఒడ్డుకి ఇచ్చేయండి, ఉల్లి దారి అంటారు, కోల్క్యా, వార్న్యా ఊళ్లు. పదిహేడో శతాబ్దంలో రష్యాలో చర్చి సంస్కరణలు ఒప్పుకోని పాత విశ్వాసులు పారిపోయి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు, చేపలు పట్టడం, ఉల్లి వేయడం వాళ్ల బతుకు. ఊరంతా సరస్సు వెంట ఒకే వీధి, ఇంటి ముందు జడల్లా అల్లిన ఉల్లిగడ్డలు వేలాడదీసి అమ్ముతుంటారు. మాది కర్నూలు దగ్గర ఊరు, మా నాన్న జీవితమంతా ఉల్లి వేశాడు, అక్కడ నేల తడి కాబట్టి మళ్లు ఎత్తుగా పేర్చి ఉండటం చూసి గట్టు పక్కన కూర్చుండిపోయాడు, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు, ఆ ఇంటి పెద్దావిడ ఏమీ మాట్లాడకుండా ఒక గడ్డ పీకి ఆయన చేతిలో పెట్టింది, ఇద్దరూ వేళ్లతోనే ఎంత దూరంలో నాటుతారో, ఎన్నాళ్లకి పీకుతారో చెప్పుకున్నారు. నేను ఫోన్ తీసి అనువాదం పెట్టాలన్న ఆలోచనే రాలేదు. మీరు పెట్టేటట్టయితే రష్యన్‌లో పెట్టండి, వాళ్ల ఇంటి భాష అదే. ఇంతకుముందు ఇక్కడ చికోరీ కూడా బాగా పండించేవాళ్లు, మన కాఫీలో కలిపేదే, ఆ పొడితో కాచిన కాఫీ అడిగితే ఇస్తారు. దగ్గర్లో అలాత్స్‌కివి కోట ఉంది, స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోట చూసొచ్చి కట్టించారు, టైముంటే దూరం నుంచి చూసినా చాలు.

తిండి. వెజ్ అని ఊరికే చెప్తే చేప తింటారనుకునే అవకాశం ఉంది, మాంసం చేప వద్దు, సూప్‌లో కూడా వద్దు, పాలు పెరుగు పర్లేదు అని బుకింగ్ మెసేజ్‌లోనే విడమర్చి రాయండి. అలా రాస్తే ప్రేమగా చేసి పెడతారు, ఉడికించిన కొత్త బంగాళాదుంప మీద సోయికూర (డిల్ ఆకు), పుల్లటి మీగడ, ఉప్పునీళ్లలో ఊరిన దోసకాయ, రై అనే గోధుమలాంటి ధాన్యం పిండితో చేసే నల్ల రొట్టె, అడవిలో కోసిన బ్లూబెర్రీలు. కామా అని ఒక పిండి ఉంది, బార్లీ, రై, ఓట్స్, బఠాణీ వేయించి విసిరింది, మజ్జిగలో కలుపుకుని తాగితే మన సత్తుపిండి తాగినట్టే ఉంటుంది, పెద్దవాళ్లకి బాగా నచ్చుతుంది. అయినా వారం అంతా ఇదే అంటే అమ్మకి కష్టమే కాబట్టి వంటిల్లు ఉన్న ఇల్లు తీసుకోండి, బియ్యం, పెరుగు, కూరగాయలు వోరు సూపర్‌మార్కెట్లో దొరుకుతాయి, చింతపండు, కారం, పోపు సామాను మాత్రం ఫ్రాంక్‌ఫర్ట్ నుంచే తెచ్చుకోండి.

బుక్ చేసేటప్పుడు ఇంకో మాట అడగాలి, టాయిలెట్ ఇంట్లో ఉందా బయటా అని. పాత ఫామ్ ఇళ్లలో పెరట్లో చెక్క మరుగుదొడ్డే ఉంటుంది, అందులో నీళ్లుండవు, రాత్రిళ్లు పెద్దవాళ్లకి అది చాలా ఇబ్బంది. దోమలు ఉంటాయి, క్రీమ్ ఉంచుకోండి. గడ్డిలో, అడవిలో తిరిగొచ్చాక గోమారి లాంటి పురుగులు, టిక్స్, ఒంటికి పట్టాయేమో మోకాళ్ల వెనక, చంకల్లో రోజూ చూసుకోవాలి, వాటివల్ల లైమ్ జబ్బు, మెదడువాపు వస్తాయి. మెదడువాపుకి టీకా ఉంది, జర్మనీలో మీ డాక్టర్నే అడగండి, డోసుల మధ్య టైం పడుతుంది కాబట్టి ఇప్పుడే అడగండి.

కారు తీసుకుంటేనే హాయి, టార్టులో అద్దెకి దొరుకుతుంది, అక్కడి నుంచి వోరు దాదాపు 70 కిలోమీటర్లు, పగలు కూడా హెడ్‌లైట్లు వేసే నడపాలి, చీకటి పడే వేళ జింకలు రోడ్డు మీదకి వస్తాయి. డ్రైవింగ్ కుదరకపోతే టార్టు నుంచి కోయిదులా వెళ్లే రైలు ఉంది, తైవాస్కోయాలో ఆగుతుంది, కానీ రోజుకి కొన్నే రైళ్లు. అప్పుడు స్టేషన్‌కి వచ్చి ఎక్కించుకునే ఇంటివాళ్లని ముందే మాట్లాడి పెట్టుకోవాలి, ఉల్లి ఊళ్లకి ఒక రోజు ట్యాక్సీ తప్పదు.

జూనా ఆగస్టా అంటే, జూన్ చివర్లో రాత్రి పదిన్నర దాటినా వెలుతురే, 23 సాయంత్రం ఊరూరా పెద్ద మంటలు వేసి తెల్లార్లూ మేలుకుంటారు, అది అందమే, కానీ ఆ పండక్కి ఇళ్లు నెలల ముందే అయిపోతాయి, పెద్దవాళ్లకి ఆ వెలుతురులో నిద్ర కూడా పట్టదు. నాన్నగారి కోసమే అయితే ఆగస్టు చివరి వారం చూడండి, ఉల్లి పీకేది అప్పుడే, అడవిలో పుట్టగొడుగులు కూడా అప్పుడే, దోమలు తగ్గుతాయి. సాయంత్రాలు చలిగా ఉంటాయి, అమ్మకి స్వెట్టర్ పెట్టండి. డేట్లు, ఎన్ని గదులు కావాలో కింద రాస్తే ఇంటివాళ్లకి పంపాల్సిన మెసేజ్ ఎస్టోనియన్‌లో నేనే రాసిస్తా.