దొంగ బాంబు మర్నాడే పేలితే కథేముంది?

మాస్టారూ, మీ నవల్లో విలన్ సోవియట్ అణుబాంబు ఎత్తుకెళ్లి మర్నాడే మీట నొక్కేస్తున్నాడు, ఇక గూఢచారికి పనేముందన్నదేగా మీ చిక్కు? చాలా అణ్వాయుధాలకు కోడ్ తాళాలుంటాయి, దొంగిలించినంత మాత్రాన పేలవు. అందుకే బాంబు మానేసి ముడిసరుకు పట్టుకోండి. 2006లో జార్జియా దేశంలో ఒక రష్యన్ స్మగ్లర్ బాంబు స్థాయి యురేనియాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి జేబులో వేసుకొచ్చాడు. కొనేవాడి వేషంలో ఉన్నది ప్రభుత్వ ఏజెంటే! తెచ్చింది 100 గ్రాముల లోపే, కానీ ఇంట్లో ఇంకా కిలోలున్నాయన్నాడు. నిజమా, కోతలా? మీ గూఢచారిని ఆ ప్రశ్న వెంటే 200 పేజీలు పరిగెత్తించండి. వైర్లు కత్తిరించే క్లైమాక్స్ మాత్రం వద్దు బాబోయ్, ఎర్రదా నీలందా అని ఇంకెన్నిసార్లు చూస్తాం!