బయానా ఇచ్చేముందు చూడవలసినవి

చిరంజీవి మేనల్లుడికి,

మామ ఆశీస్సులు. నల్లగొండ శివారులో ఒక ఇల్లు మీకు నచ్చిందనీ, త్వరలోనే బయానా (అడ్వాన్సు) ఇవ్వాలనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. ధర బేరం, బ్యాంకు అప్పు వంటివి నీవు నాకన్నా బాగా చూసుకోగలవు. నా ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, ఈ జిల్లా చెరువు కట్టల మీదా కాలువల వెంటా గడిచింది కనుక, ఇంటి ప్రహరీకి అవతల ఏమేమి చూడాలో చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. మన ప్రాంతంలో ఇల్లు కొనేవారు మొదట తేల్చుకోవలసినవి రెండు: వానాకాలంలో ఆ స్థలం మీదికి నీరు ఎటు నుంచి వస్తుంది, ఎండాకాలంలో ఆ ఇంటికి తాగే నీరు ఎక్కడి నుంచి వస్తుంది. మిగతావన్నీ ఆ తరువాతే.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (అదనపు నీరు పొర్లిపోయే కట్టడం) దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరడానికి ఒక ఒర్రెనో వాగో ఉంటుంది. వరుసగా కొన్నేళ్లు వానలు సరిగా పడకపోతే ఆ ఒర్రె పొడిబారి, తుమ్మచెట్లు మొలిచి, చూసేవారికి బీడు భూమిలా కనిపిస్తుంది. అటువంటి చోట మొరం పోసి, చదును చేసి, హద్దురాళ్లకు తెల్లరంగు వేసి ప్లాట్లుగా అమ్మిన సందర్భాలు మన జిల్లాలోనూ పాలమూరులోనూ కొల్లలు. పెద్ద వాన పడిన ఏడు నీరు తన పాత దారినే వెతుక్కుంటూ వస్తుంది. అప్పుడు అక్కడ ఇళ్లున్నాయా పొలాలున్నాయా అని అది చూడదు. అందువల్ల నీవు చూసిన ఇంటికి ఎగువన ఏ చెరువు ఉంది, దాని మత్తడి ఏ వైపు ఉంది, మత్తడి నీరు ఎటు పోతుంది అన్నది కాలినడకన వెళ్లి స్వయంగా చూడు. పక్క వీధులకన్నా ఆ వీధి పల్లంగా ఉందా, ఇటీవల రోడ్డు ఎత్తు పెంచడం వల్ల ఇంటి గడప రోడ్డుకన్నా కిందికి పోయిందా అన్నవి కూడా గమనించు.

నీరు వచ్చి వెళ్లిన ఇల్లు తన గుర్తులను పూర్తిగా దాచుకోలేదు. కొత్త సున్నం, కొత్త రంగు వేసినా గోడ మీద మోకాలి ఎత్తునో నడుము ఎత్తునో ఒక అడ్డగీత లీలగా కనిపిస్తుంది. దాని కింది భాగంలో రంగు పొక్కులు లేచి, వేలితో గీస్తే తెల్లని ఉప్పులాంటి పొడి రాలుతుంది. చెక్క తలుపుల అడుగుభాగం ఉబ్బి ఉంటుంది. ఒక్క ఆ ఇంట్లోనే కాక వీధిలో అందరి ఇళ్లలోనూ కరెంటు మీటరు పెట్టె ఛాతీకన్నా పైకి బిగించి ఉన్నా, అందరూ గడపకు అడ్డంగా ఇటుకల కట్ట కట్టుకున్నా కారణం అడగకుండా వెనుదిరగవద్దు. ఇంటి యజమానిని అడిగితే ఎప్పుడూ రాలేదనే అంటారు. ఆ వీధిలో అద్దెకుంటున్న వారిని, మూలమీది కిరాణా కొట్టు ఆయనను, పాలు పోసే ఆయనను అడుగు. అమ్మకంతో సంబంధం లేని మనిషి ఉన్నమాట చెబుతాడు.

కాగితాల విషయంలో ఒక అపోహ చాలామందిలో చూశాను. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంటే స్థలం శుభ్రమనుకుంటారు. ఈసీలో క్రయవిక్రయాలు, తనఖాలు వంటి లావాదేవీలు మాత్రమే కనిపిస్తాయి. ఆ స్థలం చెరువు శిఖంలో (చెరువు నీరు నిలిచే భూమిలో) ఉందా, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) లోపల ఉందా అన్నది అది చెప్పదు. అది తెలియాలంటే సర్వే నంబరు పట్టుకొని గ్రామ నక్ష (పటం) చూడాలి, 1954-55 నాటి కాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డులో ఆ నంబరును ఏమని రాశారో చూడాలి, నిషేధిత భూముల జాబితాలో అది ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ దగ్గర సరిచూసుకోవాలి. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్ల వరకు, అంతకన్నా చిన్న చెరువులు, కుంటల నుంచి 9 మీటర్ల వరకు ఇల్లు కట్టడానికి వీలులేదు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు లేదా నాలా అయితే దాని అంచు నుంచి 9 మీటర్లు, అంతకన్నా సన్ననిదైతే 2 మీటర్లు వదలాలి. ఇంటి పన్ను రసీదు, కరెంటు కనెక్షను ఉన్నంత మాత్రాన ఈ నిబంధన నుంచి మినహాయింపు వచ్చినట్లు కాదు. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు కూడా చూడవచ్చు. వానలు బాగా కురిసిన ఏడాది చిత్రంలో ఆ ప్లాటు ఎలా ఉందో చూస్తే సగం సందేహం తీరుతుంది.

ఇక తాగే నీరు. మన నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. దానిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ నీరు తాగి ఎందరి నడుములు వంగిపోయాయో నీవూ చూశావు. ఆ ప్రాంతమే కదా, మనకేమిటి అనుకోవద్దు. ఒకే ఊరిలో ఒక బోరు నీరు మంచిదై, దాని పక్క బోరు నీరు పనికిరానిదై ఉండవచ్చు. ఆ ఇంటి బోరు నీటిని ఒక శుభ్రమైన సీసాలో పట్టి, జిల్లా కేంద్రంలోని గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలోనో, గుర్తింపు పొందిన మరో ప్రయోగశాలలోనో పరీక్ష చేయించు. లీటరుకు ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మంచిది; వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే దగ్గరలోని సెప్టిక్ ట్యాంకు నీరో, ఎరువుల నీరో బోరులోకి చేరుతోందేమోనని అనుమానించాలి. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోతుందని కొందరు నమ్ముతారు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుందే తప్ప పోదు. నీ కూతురు చిన్నపిల్ల, పళ్లు ఏర్పడే వయసులో ఈ నీరు తాగితే వచ్చే గోధుమరంగు మచ్చలు జీవితాంతం ఉంటాయి కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

బోరు నీరు మంచిది కాదని తేలినంత మాత్రాన ఇల్లు వదులుకోవాలని నేను అనను. మిషన్ భగీరథ కృష్ణా నీరు ఆ వీధికి క్రమంగా వస్తుంటే తాగడానికీ వంటకూ అదే వాడుకోవచ్చు. అయితే నల్లా ఉండడం వేరు, నల్లాలో నీరు రావడం వేరు. ఎన్ని రోజులకు ఒకసారి వదులుతారు, మే నెలలో ఎంతసేపు వస్తుంది, వీధి చివరి ఇంటికి అందుతుందా అని ఆడవాళ్లను అడిగి తెలుసుకొమ్మని కోడలికి చెప్పు. ఆ లెక్క వాళ్లకే సరిగా తెలుస్తుంది.

గాలి గురించి ఒక్క మాట. మిర్యాలగూడ వైపు రైస్‌మిల్లుల ఊక బూడిద కానీ, క్రషర్ల దుమ్ము కానీ, కోళ్ల ఫారాల వాసన కానీ ఒక్క పూట చూస్తే తెలియవు. వానాకాలంలో గాలి పడమటి వైపు నుంచి, చలికాలంలో తూర్పు వైపు నుంచి వీస్తుంది. కాబట్టి మిల్లుకు తూర్పున ఉన్న ఇంటికి జూన్ తరువాత, పడమరన ఉన్న ఇంటికి చలికాలంలో బాధ ఎక్కువ. మిద్దె మీద దండెం మీది బట్టలు, పెరట్లో చెట్టు ఆకులు చేత్తో తుడిచి చూడు. చౌటుప్పల్, జడ్చర్ల వంటి చోట్ల రసాయన, మందుల పరిశ్రమల దగ్గర ఇల్లు చూసేవారు తప్పనిసరిగా రాత్రిపూట కూడా వెళ్లి నిలబడి రావాలి. చెత్త డంపింగ్ యార్డు విషయంలోనూ అంతే.

నేల చెలక (ఎర్రనేల) అయితే మంచిదే. నల్లరేగడి అయితే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లున్నాయేమో చూసి, ఉంటే అనుభవమున్న మేస్త్రీకి గానీ ఇంజనీరుకు గానీ చూపించు.

దారి సంగతి కూడా మరువవద్దు. అంబులెన్సు, ఫైరింజను ఆ సందులో తిరగగలవా? ఊళ్లోకి వచ్చే ఏకైక దారి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నుంచే అయితే వానలో ఏమవుతుందో ఆలోచించు. 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి వైపు అండర్‌బ్రిడ్జి నీటిలో పిల్లలతో ఉన్న బడి బస్సు చిక్కుకుపోయింది; ఊరివాళ్లు సమయానికి చేరి పిల్లలందరినీ బయటికి తీశారు.

ఇరుగుపొరుగు ఏ కులమో అడిగేవారే ఎక్కువ. దానివల్ల నీకు తెలిసేదేమీ లేదు. వైన్‌షాపు పర్మిట్ రూము ఎంత దూరం, ఫంక్షన్ హాలు డీజే ఎన్ని గంటలకు ఆగుతుంది, వీధి దీపాలు వెలుగుతాయా, రాత్రి తొమ్మిదికి ఆడపిల్ల బస్సు దిగి ఒంటరిగా నడిచి రాగలదా అన్నవి అడుగు. అంగడి రోజున ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి, వాన పడుతుండగా ఒకసారి వెళ్లు.

ఇవన్నీ తేలేదాకా పెద్ద మొత్తం ఇవ్వవద్దు. ఇవ్వక తప్పదంటే, స్థలం ఎఫ్‌టీఎల్‌లో గానీ బఫరులో (చెరువు, నాలా అంచున వదలవలసిన స్థలంలో) గానీ ఉన్నట్లు తేలితే బయానా సొమ్ము తిరిగి ఇస్తామని కాగితంలో రాయించి సంతకం తీసుకో. ఆ ఒక్క వాక్యానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఆ ఇల్లు నీకు వద్దు. సర్వే నంబరు నాకు వెంటనే పంపు. నక్ష నకలు తీసుకొని ఆదివారం పొద్దున్నే వస్తాను, మత్తడి దగ్గర మొదలుపెట్టి ఇంటిదాకా ఇద్దరం నడిచి చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మేనమామ